సమస్య: తుడిచివేయ వేయ దొడ్డదాయె

ఛందస్సు ఆటవెలది, వస్తువు గిట్ రెపో, అంటే ఫైళ్ల మార్పుల చరిత్రంతా దాచే ప్రాజెక్టు నిల్వ. యతి ఎంత ముఖ్యమో గిట్ పనితీరు తప్పకపోవడమూ అంతే ముఖ్యం.

పూరణ 1

ఫైలు తీసివేయ పాత యాబ్జెక్టులు
చరితలోన నట్లె చావకుండు
కొత్త కమ్మిటొకటి గూడు దానికి తోడు
తుడిచివేయ వేయ దొడ్డదాయె

సమీక్ష: ఫై–పా, కొ–గూ యతులు బాగా కుదిరాయి. 500 ఎంబీ వీడియోను తీసేసి కమ్మిట్ చేసినా (ఆ మార్పును చరిత్రలో నమోదు చేసినా) అది పాత కమ్మిట్లలో ఆబ్జెక్టుగా (గిట్ దాచుకునే డేటాగా) ఉంటుంది, ప్రతి క్లోన్‌తోనూ (రెపో పూర్తి నకలుతోనూ) దిగుతుంది. గిట్ ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో చరిత్రలోంచే తీయాలి. అప్పుడు ఆ ఫైలు చేరిన కమ్మిట్ మొదలు హ్యాష్‌లన్నీ (కమ్మిట్ల గుర్తింపు సంఖ్యలన్నీ) మారతాయి కనుక అందరూ మళ్లీ క్లోన్ చేసుకోవాలి. ఒక్కరు పాత కాపీని మెర్జ్ చేసి (కలిపి) పుష్ చేసినా (సర్వర్‌కు పంపినా) వీడియో తిరిగొస్తుంది.

పూరణ 2

దిక్కులేనివెల్ల దీసి లూజుగ జల్లె
డెల్టలూడిపోయె డిస్కు నిండె
రెండు వారములకు రిక్తమౌ నందాక
తుడిచివేయ వేయ దొడ్డదాయె

సమీక్ష: మూడింటిలో ఇదే మేలు. సమస్యలోని వైరుధ్యం జీసీలో (గిట్ చెత్త ఏరివేతలో) నిజంగా జరిగేదే. ప్యాక్‌లో (ఆబ్జెక్టులను కుదించి కలిపిన ఫైలులో) తేడాగా (డెల్టాగా) మాత్రమే ఉన్న ఆబ్జెక్టు, ఏ రిఫరెన్సుకూ (బ్రాంచి, ట్యాగు వంటి పేరుకూ) అందకపోతే, పూర్తి రూపంలో విడి ఫైలుగా బయటపడుతుంది. అలాంటివి వేలల్లో ఉంటే ఐనోడ్లూ (డిస్కులో ఫైళ్ల నమోదు స్థానాలు) తరిగిపోతాయి. తొలగించే ముందు రెండు వారాల గడువు ఊరికే పెట్టలేదు: అదే సమయంలో ఇంకో ప్రాసెస్ రాస్తున్న ఆబ్జెక్టుకు ఇంకా రిఫరెన్సు పడి ఉండకపోవచ్చు. అయితే 2023లో వచ్చిన గిట్ 2.41 నుంచి ఇవి డిఫాల్టుగా క్రఫ్ట్ ప్యాక్‌లోకి (అందని ఆబ్జెక్టుల ఉమ్మడి ఫైలులోకి) వెళ్తాయి. ఈ పద్యం పాత గిట్‌కే వర్తిస్తుంది.

పూరణ 3

రీసెటైన గాని రెఫ్లాగు పట్టెను
నెలలు మూడు దాని నిలిపి యుంచె
స్టాషు వదలదాయె, ట్యాగు విడువదాయె
తుడిచివేయ వేయ దొడ్డదాయె

సమీక్ష: స్టా–ట్యా యతి టకారంతో చెల్లింది. రెండో పాదంలో విషయదోషం ఉంది. రెఫ్లాగులో (బ్రాంచి కొస కదలికల చిట్టాలో) 90 రోజుల గడువు బ్రాంచి కొసనుంచి అందే ఎంట్రీలకు; రీసెట్‌తో (బ్రాంచిని వెనక్కి జరపడంతో) విడిపోయినవాటికి 30 రోజులే. “నెల దినముల దాక నిలిపి యుంచె” అంటే గణాలూ యతీ చెడవు.

పూరణ 3 కవి: సవరణ స్వీకరిస్తున్నాను. వెంటనే ఖాళీ కావాలంటే రెఫ్లాగ్ ఎక్స్‌పైర్‌ను (చిట్టాలోని ఎంట్రీలను తీసే ఆదేశాన్ని) అన్ని రిఫరెన్సులకూ ‘నౌ’తో నడిపి, తర్వాత జీసీని ప్రూన్ ‘నౌ’తో (అందని ఆబ్జెక్టులను గడువు లేకుండా తుడిచేలా) నడపాలి కదా?

సమీక్ష: వరుస సరే. కానీ స్టాష్ (పక్కన దాచిన అసంపూర్తి మార్పుల) జాబితా కూడా రెఫ్లాగే. అలా నడిపితే జాబితా ఖాళీగా కనిపిస్తుంది, పైదొకటి రిఫరెన్సుగా మిగిలినా మిగతావి పోతాయి. కావలసినవాటిని ముందే బ్రాంచీలుగా మార్చుకోండి. రెపోలో ఇంకే గిట్ పనీ నడవనప్పుడే ప్రూన్ ‘నౌ’ వాడండి. ముందూ వెనకా కౌంట్-ఆబ్జెక్ట్స్‌లో సైజ్-ప్యాక్ (ప్యాక్‌ల మొత్తం పరిమాణం) పోల్చండి. తగ్గకపోతే ఏదో ట్యాగో, రిమోట్ బ్రాంచో పట్టుకునే ఉంది.