కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) అప్లికేషన్ పంపేశాక తప్పులు కనబడ్డాయి, ఇప్పుడేం చేయాలి?

పట్నంబజారు అమ్మాయి, బ్రాంప్టన్:

అందరికీ నమస్కారమండీ. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లని బట్టి పీఆర్‌కి పిలిచే పద్ధతి) సబ్మిట్ చేసి పదకొండు రోజులైంది, ఏఓఆర్ (అప్లికేషన్ అందినట్టు రసీదు) వచ్చింది. నిన్న కాపీ తీసి చదివితే నాలుగు తప్పులు దొరికాయి. 2019లో అమెరికా ఎఫ్-1 వీసా రిజెక్ట్ అయింది, ఆ ప్రశ్నకి 'నో' అని ఉంది. రెండు ఉద్యోగాల మధ్య నాలుగు నెలలు ఖాళీ వదిలేశాను. పుట్టింది రేపల్లె; ఒకచోట గుంటూరు జిల్లా, ఇంకోచోట బాపట్ల జిల్లా అని పడింది. మా ఆయన గుంటూరులోనే ఉన్నారు, 'తోడు రావట్లేదు' అని పెట్టాను కాబట్టి ఆయన పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్), మెడికల్ ఇవ్వలేదు. ఎడిట్ బటన్ ఎక్కడా కనబడట్లేదు. విత్‌డ్రా చేసి మళ్లీ వేయాలా?

బెంజి సర్కిల్ అన్న, మిసిసాగా:

విత్‌డ్రా జోలికి వెళ్లకు చెల్లెమ్మా. సబ్మిట్ అయ్యాక ఎడిట్ అనేది ఉండదు, ఇన్విటేషన్ వచ్చాక అప్లై చేయడానికి ఇచ్చే అరవై రోజుల గడువు ఇంకా మిగిలి ఉన్నా సరే. ఏ సవరణైనా ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌ఫారం ద్వారానే పంపాలి. అయితే ఆ నాలుగింటినీ ఒకే గాటన కట్టకు. జిల్లా పేరు చూసి ఎవరూ ఫైలు ఆపరు. వీసా ప్రశ్న సంగతి వేరు, అది ఈ వారంలోనే తేల్చుకో.

ఎందుకంటే, ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 16 ప్రకారం అడిగిందానికి నిజం చెప్పాలి. సెక్షన్ 40 ప్రకారం ముఖ్యమైన విషయం దాచినా, తప్పుగా చెప్పినా మిస్‌రిప్రజెంటేషన్. దాని శిక్ష ఐదేళ్ల నిషేధం, ఆ ఐదేళ్లలో పీఆర్‌కి అప్లై చేయడానికీ వీల్లేదు. మనవాళ్లు చాలామంది '214(బి) (తిరిగి వెళ్తారని నమ్మకం లేదనే అమెరికా సెక్షన్) కింద హైదరాబాద్‌లో రెండు నిమిషాల్లో పంపించేశారు, దానికీ కెనడాకీ ఏం సంబంధం' అనుకుంటారు. ఆ తిరస్కరణ ఒక్కదానివల్ల పీఆర్ పోవడం అరుదు. పోయేదల్లా దాన్ని దాచినందుకే. ప్రశ్నలో 'కెనడా లేదా మరే ఇతర దేశం' అని స్పష్టంగా ఉంటుంది. పైగా రెండు దేశాల మధ్య వీసా సమాచారం పంచుకునే ఒప్పందం ఉంది, వేలిముద్రలతో పాత రికార్డు బయటికొస్తుంది. 221(జి) కింద, ఇంకా పరిశీలించాలని పచ్చ కాగితం ఇచ్చి పంపినా, తర్వాత వీసా వచ్చినా, ఆ సంగతి కూడా రాసేయడమే క్షేమం.

లెటర్ రాసే ముందు ఒక పని చెయ్యి. స్టడీ పర్మిట్‌కి, వర్క్ పర్మిట్‌కి వేసినప్పుడు ఇదే ప్రశ్నకి ఏం జవాబిచ్చావో తీసి చూడు. అప్పుడు 'ఎస్' అని ఉంటే నీ పని సులువు: ఇంతకుముందు చెప్పిన విషయమే, ఈసారి పొరపాటున తప్పిందని ఆ కాపీతో చూపించవచ్చు. అప్పుడూ 'నో' అనే ఉంటే మాత్రం సొంతంగా రాసి పంపకు, ముందు లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంటుకో (ఆర్‌సీఐసీ) లాయరుకో ఫైలు చూపించు, ఆ పాత అప్లికేషన్ల సంగతి కూడా ఇదే లెటర్లో చెప్పాల్సి వస్తుంది. 'బెజవాడ కన్సల్టెన్సీ వాళ్లు నింపారండీ' అన్న మాట ఇక్కడ చెల్లదు, సంతకం నీది.

లెటర్ ఒక పేజీ దాటకూడదు. పైన పేరు, పుట్టిన తేదీ, యూసీఐ (ఐఆర్‌సీసీ నీకిచ్చిన క్లయింట్ నంబరు), 'ఇ' తో మొదలయ్యే అప్లికేషన్ నంబరు. కింద ఏ ప్రశ్న, ఏం రాశాను, సరైన జవాబు ఏమిటి, ఎలా జరిగింది, ఏం జత చేస్తున్నాను, అంతే. రిజెక్షన్‌కి నెల, సంవత్సరం, కాన్సులేట్, వీసా రకం, చెప్పిన కారణం రాయాలి. తేదీ గుర్తులేకపోతే పాత మెయిల్లో డీఎస్-160 (అమెరికా వీసా ఫారం) కన్ఫర్మేషన్, అపాయింట్‌మెంట్ మెయిలు వెతుకు. క్షమాపణలు పేజీల కొద్దీ వద్దు, ఆఫీసరుకి కావల్సింది తేదీలు.

వాళ్లంతట వాళ్లు పట్టుకుని ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ (అనుమానం చెప్పి నీ జవాబు అడిగే లేఖ) పంపాక చెప్పేది సవరణ అనిపించుకోదు, సంజాయిషీ అవుతుంది. అలాంటి లెటర్ వస్తే దాంట్లో ఉన్న గడువు తేదీ దాటనివ్వకు.

అరండల్‌పేట అక్క, ఎడ్మంటన్:

నాలుగు నెలల ఖాళీ గురించి. పర్సనల్ హిస్టరీలో పదేళ్లు, లేదా పద్దెనిమిది నిండినప్పటి నుంచి, ఏది దగ్గరైతే అది, ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. పని లేని రోజులకి 'అన్‌ఎంప్లాయిడ్' అని రాయడమే, దానికి నామోషీ పడక్కర్లేదు. అందరూ చేసే అసలు తప్పు ఏంటంటే, ఖాళీ కనబడకూడదని ముందు ఉద్యోగం చివరి తేదీని సాగదీస్తారు. తీరా పీఎఫ్ పాస్‌బుక్కులో తేదీ ఒకటి, రిలీవింగ్ లెటర్లో ఒకటి, ఫారం 16లో ఇంకోటి. సవరించే ముందు ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఐఎంఎం 5669 ఫారం (నేపథ్య వివరాలది) ఖాళీగా తీసి, హిస్టరీ మొత్తం మొదటి నుంచి నింపి, లెటర్‌తో కలిపి పంపు. తప్పిన వరస ఒక్కటీ విడిగా పంపితే చూసేవాళ్లకి తలాతోకా తెలీదు.

ఆ ఫారంలోనే ప్రభుత్వ ఉద్యోగాల పట్టిక ఒకటి ఉంటుంది. సచివాలయంలో ఏడాది చేసినా అక్కడ రాయాలి.

ఆ తేదీలు మారితే అనుభవం ఏడాది కిందికి పడుతుందేమో లెక్క వేసుకున్నావా? సీఆర్‌ఎస్ స్కోరు (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్లు) నీకు ఇన్విటేషన్ వచ్చిన రౌండు కటాఫ్ కంటే తగ్గితే లెటర్ ఎంత బాగా రాసినా అప్లికేషన్ నిలవదు. విత్‌డ్రా గురించి ఆలోచించాల్సింది ఆ ఒక్క సందర్భంలోనే. ప్రాసెసింగ్ మొదలవకముందే అయితే ఫీజు వెనక్కొస్తుంది.

మంగళగిరి బాబాయ్, కాల్గరీ:

నన్నడిగితే వీసా ప్రశ్న తర్వాత రెండో ప్రమాదం మీ ఆయన పీసీసీ. అమ్మా, ఏఓఆర్ వచ్చిందని నిశ్చింతగా ఉండకు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అది సిస్టం తనంతట తాను పంపేది, ఫైలు ఇంకా ఎవరూ తెరవలేదు. తెరిచాక రెగ్యులేషన్ 10 కింద అన్నీ ఉన్నాయా లేదా చూస్తారు. ఏదైనా తక్కువైతే అసలు అప్లై చేయనట్టే లెక్కగట్టి ఫీజుతో సహా తిప్పి పంపవచ్చు. అప్పుడు ఇన్విటేషన్ పోయినట్టే, కొత్త ప్రొఫైలు, కొత్త డ్రా. ముప్పై దాటితే వయసు పాయింట్లు ఏటా తగ్గుతాయి కూడా.

తోడు వచ్చినా రాకపోయినా భర్తకి పీసీసీ, మెడికల్ రెండూ ఉండాల్సిందే. ఈసారి పరీక్ష చేయించకుండా వదిలేస్తే రెగ్యులేషన్ 117(9)(డి) అడ్డొచ్చి, రేపు నువ్వు స్పాన్సర్ చేయాలన్నా కష్టమవుతుంది. మెడికల్ 2025 ఆగస్టు 21 నుంచి ముందే చేయించి ఆ కాగితం జత చేయాలి. ఎంబీబీఎస్ ఉన్న ప్రతి డాక్టరూ పనికిరాడు, ఐఆర్‌సీసీ జాబితాలోని ప్యానెల్ ఫిజీషియన్ కావాలి. హైదరాబాద్‌లో ఉన్నారు, గుంటూరు నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. పీసీసీకి పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో అప్లై చేసి, 500 రూపాయలు కట్టి, విజయవాడ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోమను. పాస్‌పోర్టులో పాత అడ్రసు ఉండి ఇప్పుడు అద్దె ఇల్లు మారి ఉంటే, పోలీస్ వెరిఫికేషన్ అక్కడే ఆగుతుంది. ఇప్పుడుంటున్న ఇంటి అడ్రసే ఇచ్చి, అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో దగ్గర పెట్టుకోమను. ఇప్పుడుంటున్న దేశం నుంచి తెచ్చే పీసీసీ ఆరు నెలల లోపుది అయ్యుండాలి.

ఇంకోటి. పాయింట్ల కోసం 'తోడు రావట్లేదు' అని పెట్టి, మరో పక్క ఆయనకి ఓపెన్ వర్క్ పర్మిట్ వేస్తే ఆఫీసరుకి అనుమానం రావడం సహజం. నిజంగా రావట్లేదంటే ఎందుకో లెటర్లో ఒక్క వాక్యం రాయి.

రేపల్లె సంగతి చాలా చిన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రేపల్లె గుంటూరు నుంచి బాపట్లలోకి వెళ్లింది, విజయవాడ కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చినట్టే. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఎలా ఉందో అదే అన్నిచోట్లా ఉంచి, రెండు పేర్లూ ఒకే ఊరివని ఒక వాక్యం రాస్తే సరి. పాస్‌పోర్టు మార్పించుకోనక్కర్లేదు.

పట్నంబజారు అమ్మాయి, బ్రాంప్టన్:

చాలా థాంక్స్ అన్నా, అక్కా, బాబాయ్. స్టడీ పర్మిట్‌లో చూశాను, 'ఎస్' అనే ఉంది. మా పెళ్లి సర్టిఫికెట్ తెలుగులో ఉంది, మా తమ్ముడు ఇంగ్లిష్‌లోకి రాసిచ్చాడు, అది పనికొస్తుందా? నాలుగు సవరణలూ నాలుగు వెబ్‌ఫారంలుగా పంపాలా?

మంగళగిరి బాబాయ్, కాల్గరీ:

పనికిరాదు. ఇంట్లోవాళ్లు చేసిన అనువాదం ఒప్పుకోరు, వాళ్లు నోటరీ అయినా, లాయరయినా. సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ దొరక్కపోతే బయటివాళ్లతో చేయించి, వాళ్లచేత నోటరీ దగ్గర అఫిడవిట్ ఇప్పించు, తెలుగు ఒరిజినల్ కాపీ కూడా జత చెయ్యి. అనువాదంలో ఇంటిపేరు పాస్‌పోర్టు స్పెల్లింగుతో అక్షరం అక్షరం సరిచూడు.

బెంజి సర్కిల్ అన్న, మిసిసాగా:

'ఎస్' ఉందంటే సగం బరువు దిగినట్టే, ఆ పేజీ కాపీ జత చెయ్యి. వీసా, హిస్టరీ, జిల్లా మూడూ ఒకే పీడీఎఫ్‌గా ఈ వారమే పంపు. పీసీసీ కోసం అది ఆపొద్దు, ఆయన అప్లై చేసిన రసీదు దాంట్లోనే పెట్టి, పీసీసీ, మెడికల్ చేతికొచ్చిన రోజు ఇంకో వెబ్‌ఫారం వెయ్యి. వెంటనే వచ్చే ఆటోమేటిక్ మెయిలు తప్ప జవాబేమీ రాదు, ఆ మెయిలు దాచుకో, వారానికోసారి అదే మళ్లీ పంపకు. ఫైల్లో చేరిందో లేదో తెలియాలంటే కొన్నాళ్లాగి జీసీఎంఎస్ నోట్స్ (నీ ఫైలు మీద ఆఫీసర్లు రాసుకున్న వివరాలు) తెప్పించుకో, ఐదు డాలర్లు.