యూకేలో కేర్ హోమ్ డ్యూటీ చేస్తూ నర్సింగ్ చదువు: ఖర్చు ఎవరిది, సంతకం పెట్టచ్చా?

లంకగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. మా అక్క జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, ఇక్కడ స్టాఫ్ నర్సుగా చేసి, 2023 మార్చిలో సీనియర్ కేర్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వెళ్లింది. బావగారు డిపెండెంట్‌గా వెళ్లారు. ఆయన బీకామ్. అదే ఊళ్లో వేరే కేర్ హోమ్‌లో కేరర్‌గా చేస్తున్నారు. ఇద్దరికీ నర్సింగ్ డిగ్రీ చేయాలని ఉంది.

అక్క వాళ్ల మేనేజరు ఒక కాగితం ఇచ్చారట. ఫీజు కంపెనీ కడుతుంది, చదువు అయ్యాక మూడేళ్లు అక్కడే చేయాలి, మధ్యలో మానేస్తే మొత్తం తిరిగి కట్టాలి అని అందులో ఉంది. బావగారి దగ్గరేమో యూనిసన్ అనే యూనియన్ వాళ్లు చదువుకి సాయం చేస్తామంటున్నారు. ఇక్కడ నాన్నగారు ఫీజుల కోసం అరెకరం కొబ్బరి తోట బేరం పెట్టేశారు. అడ్వాన్సు పుచ్చుకునేలోపు తెలుసుకుందామని అడుగుతున్నాను. ఎవరు ఏ కోర్సు చేయాలి? కంపెనీ డబ్బంటే నిజానికి ఎవరి డబ్బు? యూనియన్ ఏం చేయగలదు? ఆ కాగితం మీద సంతకం పెట్టచ్చా?

గౌతమిపాయ:

ముందు తోట బేరం ఆపించండి. ఇద్దరికీ ఒకే కోర్సు అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

మీ అక్కగారికి ఇప్పుడు కావాల్సింది డిగ్రీ కాదు, ఎన్‌ఎంసీ పిన్ నంబరు. ఎన్‌ఎంసీ అంటే అక్కడ నర్సుల రిజిస్టరు నడిపే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. జీఎన్‌ఎం చేసి, మన రాష్ట్ర కౌన్సిల్లో నమోదైనవాళ్లు అక్కడ మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ఇంగ్లిష్ నిరూపించుకోవాలి, కంప్యూటర్ మీద సీబీటీ రాయాలి, ఆ తర్వాత ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. 2025 నాటి ఫీజులు చూస్తే దరఖాస్తుకి 140 పౌండ్లు, సీబీటీకి 83, ఓస్కీకి 794, చివర్లో రిజిస్ట్రేషన్‌కి 153. అన్నీ కలిపి 1,170 పౌండ్లు. మేనేజరు నిజంగా సాయం చేయదలిస్తే ఈ ఖర్చు పెట్టుకోమని అడగండి. ఓస్కీకి ప్రిపరేషన్, పరీక్ష రోజుకి జీతంతో సెలవు కూడా అడగచ్చు.

ఇంగ్లిష్‌కి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 రావాలి. వైద్యరంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ అయితే ఆ మూడింటిలో బీ గ్రేడు, రైటింగ్‌లో సీ ప్లస్. ఒకేసారి రాకపోతే 12 నెలల్లోపు రెండు సార్లు రాసిన మార్కులు కలుపుకోవచ్చు. కాకపోతే ఏ సారీ ఏ విభాగమూ అరగ్రేడు కన్నా కిందికి జారకూడదు.

సీబీటీలో రెండు భాగాలు. మొదటిది 15 లెక్కలు, 30 నిమిషాలు. రెండోది 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మనవాళ్లు రెండోదానికి నెలల తరబడి చదివి మొదటిదాన్ని తేలిగ్గా తీసుకుంటారు. అక్కడ ఆప్షన్లు ఉండవు, జవాబు మనమే టైపు చేయాలి. మిల్లీగ్రాములు, మైక్రోగ్రాముల దగ్గర ఒక్క సున్నా జారితే జవాబు పోయినట్టే. ఏ భాగం పోతే ఆ భాగమే మళ్లీ రాసుకోవచ్చు.

ఓస్కీలో పది స్టేషన్లు. నాలుగు రోగి అసెస్‌మెంట్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్. నాలుగు చేతితో చేసి చూపించే నర్సింగ్ పనులు. మిగతా రెండూ రాతలోనే. అనుభవమున్న నర్సు ఇక్కడ పోగొట్టుకునేది పని రాక కాదండి. చేసేది నోటితో చెప్పకపోవడం వల్ల. మందు ఇచ్చే స్టేషన్‌లో పేరు, పుట్టినతేదీ రోగినే అడిగి చేతి పట్టీతో సరిచూడాలి. అలర్జీ ఉందా అని అడగాలి, చార్టులో రాసినదీ చూడాలి. చార్టులో పెన్సిలిన్ అలర్జీ రాసి ఉండి, కింద అదే కుటుంబం మందు రాసి ఉంటే ఇవ్వకుండా ఆపి, కారణం రాసి సంతకం పెట్టాలి. శ్వాస పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. రోగి పరిస్థితి దిగజారుతోందా అని స్కోరుతో చెప్పే న్యూస్2 చార్టులో చుక్కలు పెట్టి ఊరుకుంటే చాలదు, స్కోరు కూడాలి. 5 గానీ 6 గానీ వస్తే అర్జెంటు, 7 లేదా ఆపైన వస్తే ఎమర్జెన్సీ, ఆ మాట పైకి చెప్పాలి. ఏడు స్టేషన్ల వరకు పోతే మళ్లీ రాయడానికి 397 పౌండ్లు, ఎనిమిదీ ఆపైన పోతే పూర్తి ఫీజు. ఒక దరఖాస్తు మీద మూడు అవకాశాలు.

పిన్ వచ్చేదాకా నర్సు అనే హోదాతో పని చేయకూడదు. పిన్ వచ్చాక కూడా పాత వీసా మీదే నర్సు డ్యూటీ ఎక్కకూడదు. సీనియర్ కేర్ వర్కర్ కోడ్ 6136, నర్సుల కోడ్లు వేరు. నర్సుగా యజమాని ఇచ్చే కొత్త స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, కొత్త వీసా దరఖాస్తు కావాలి.

డిగ్రీ ముచ్చట ఆ తర్వాత తీర్చుకోవచ్చు. జీఎన్‌ఎం మార్కుల జాబితాలు చూసి యూనివర్సిటీ ముందు చదువుకి క్రెడిట్లిస్తే, డిగ్రీకి కావాల్సిన 360 క్రెడిట్లలో చివరి 120 టాప్-అప్‌గా చేయచ్చు. ఆ ఫీజు యజమానిని అడగడానికి రిజిస్టర్డ్ నర్సుకి ఉండే బలం కేరర్‌కి ఉండదు.

వార్డుసైడ్:

బావగారి సంగతి నేను చెప్తాను. ఆయనకి నర్సింగ్ చదువు లేదు కాబట్టి యజమాని భరించే అప్రెంటిస్‌షిప్పే, అంటే ఉద్యోగం చేస్తూ జీతంతో చదివే పద్ధతే, సరైన దారి. ఇది ఇంగ్లండ్ వరకే, స్కాట్లాండ్, వేల్స్‌లో పద్ధతి వేరు.

కంపెనీ డబ్బు ఎవరిదని అడిగారు కదా. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమాని నుంచి 2017 ఏప్రిల్ నుంచి 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ వసూలవుతోంది. ఆ డబ్బు శిక్షణకీ పరీక్షకీ మాత్రమే వాడాలి, జీతానికి వాడకూడదు. అంటే ఫీజు ఎలాగూ కట్టేసిన పన్నులోంచి వస్తుంది. యజమానికి అసలు బరువు రోటా, అంటే డ్యూటీల పట్టీ. నర్సింగ్ డిగ్రీకి ఎన్‌ఎంసీ అడిగేది 4,600 గంటలు, అందులో సగం, 2,300 గంటలు, ప్రాక్టీస్. ఆ ప్లేస్‌మెంట్‌లో విద్యార్థిని స్టాఫ్ లెక్కలో వేయకూడదు. జీతం మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఖాళీ అయిన డ్యూటీకి ఇంకో మనిషిని పెట్టుకోవాలి. చిన్న హోమ్‌లు వెనకాడేది అందుకే. కాబట్టి మేనేజరు దగ్గరకి వెళ్లేటప్పుడు ఫీజు గురించి కాకుండా, ఏ వారం ఏ రోజు ఖాళీ కావాలో రాసుకుని వెళ్లాలి.

బావగారు చూసుకోవాల్సినవి మూడు. ఒకటి, కోర్సు మొదలయ్యే నాటికి చదువు కోసం కాని వీసా మీద మూడేళ్లు యూకేలో నివాసం పూర్తయి ఉండాలి. మీరు చెప్పిన తేదీ ప్రకారం అది 2026 మార్చి. రెండు, కోర్సు పూర్తయ్యేంత కాలం వీసా మిగిలి ఉండాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతున్నారు. డిపెండెంట్ వీసా అక్కగారి వీసాతోపాటే అయిపోతుంది. పని చేస్తూ చేసే నర్సింగ్ డిగ్రీ దాదాపు నాలుగేళ్లు. మూడు, ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో లెవెల్ 2, అంటే దాదాపు అక్కడి పదో తరగతి స్థాయి. మన పదో తరగతి మార్కులు కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ఫంక్షనల్ స్కిల్స్ పరీక్ష రాయమంటాయి. దాన్ని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

అందుకని వరస మార్చకండి. ముందు అక్కగారికి పిన్. దాంతో నర్సు వీసా, అది ఒకేసారి ఐదేళ్ల వరకు ఇస్తారు. దానితోపాటు బావగారిదీ పొడిగిస్తే నాలుగేళ్ల కోర్సు అందులో ఇముడుతుంది. అంతదాకా ఆగలేకపోతే నర్సింగ్ అసోసియేట్ ఉంది, కేరర్‌కీ నర్సుకీ మధ్య హోదా. రెండేళ్ల ఫౌండేషన్ డిగ్రీ, 2019 జనవరి నుంచి ఎన్‌ఎంసీ రిజిస్టరులో దానికీ చోటుంది, తర్వాత ఆ చదువు లెక్కలోకి తీసుకుని డిగ్రీ సగం నుంచి అందుకోవచ్చు. డిపెండెంట్ కాబట్టి బావగారికి స్పాన్సర్‌తో ముడి లేదు. ఇప్పటి హోమ్‌కి యూనివర్సిటీతో ఒప్పందం లేకపోతే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్ సైట్‌లో ట్రైనీ నర్సింగ్ అసోసియేట్ పోస్టులు వెతుక్కోవచ్చు. మీ కుటుంబంలో ఈ స్వేచ్ఛ ఉన్నది ఆయనకే, దాన్ని వాడుకోవాలి.

ఒక్క జాగ్రత్త. ఓపెన్ యూనివర్సిటీలో హెల్త్ అండ్ సోషల్ కేర్ డిగ్రీ ఉంది, నర్సింగ్ డిగ్రీ కూడా ఉంది. పేర్లు చూసి ఒకటే అనుకోకండి. మొదటిదానికి ఎవరైనా చేరచ్చు, కానీ దానితో పిన్ రాదు. రెండోదానికి యజమాని మద్దతు తప్పనిసరి. సొంత డబ్బుతో మొదటిదానిలో చేరితే ఈ వీసాల మీద స్టూడెంట్ లోన్ కూడా మామూలుగా రాదు. 60 క్రెడిట్ల మాడ్యూల్ అంటే సుమారు 600 గంటలు, వారానికి 16 నుంచి 18 గంటలు. 12 గంటల డ్యూటీలు నాలుగు చేసేవాళ్లకి అది నిలబడదు. రుచి చూడాలంటే అదే యూనివర్సిటీ ఓపెన్‌లెర్న్‌లో ఉచిత కోర్సులున్నాయి.

జెండాకర్ర:

యూనియన్ గురించి. మన వైపు యూనియన్ అనగానే 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు నడిచిన అంగన్‌వాడీ సమ్మె గుర్తొస్తుంది. మీ నాన్నగారికీ వీసాకి ఇబ్బంది అవుతుందేమోనన్న భయం ఉండి ఉంటుంది. సభ్యత్వం తీసుకోవడం వీసాకి అడ్డు కాదు, చేరారని ఉద్యోగంలో వేధిస్తే అది చట్టవిరుద్ధం.

యూనియన్ డిగ్రీ ఫీజు మొత్తం కట్టదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. చిన్న గ్రాంట్లు, మళ్లీ చదువు అలవాటయ్యేందుకు మొదటి మెట్టు కోర్సులు ఉంటాయి. అసలు ఉపయోగం లెర్నింగ్ రెప్. ఉద్యోగుల్లోంచే ఎన్నికైన మనిషి, 2002 ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ప్రకారం ఆ పనికి జీతంతో సమయం దొరుకుతుంది. ఏ యూనివర్సిటీకి ఏ యజమానితో ఒప్పందం ఉందో, లెవెల్ 2 క్లాసులు ఎక్కడున్నాయో ఆయన దగ్గర తెలుస్తుంది. మేనేజరుతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుంటారు.

ఇంకోటి, 250 మంది లేదా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో 26 వారాలు చేసినవారికి శిక్షణ కోసం సమయం కోరే హక్కు చట్టంలోనే ఉంది. రాతపూర్వకంగా అడగాలి. కోర్సు పేరు, ఎక్కడ, ఎన్ని గంటలు, దానివల్ల పనికి ఏం మేలు అన్నవి తప్పక రాయాలి. యజమాని 28 రోజుల్లో ఒప్పుకోవాలి లేదా కూర్చుని మాట్లాడాలి. చట్టంలో చెప్పిన కారణాలుంటే కాదనచ్చు, ఒప్పుకున్నా ఆ గంటలకి జీతం ఇవ్వాలన్న రూలు లేదు. ఏడాదికి ఒక్కసారే అడగచ్చు కాబట్టి తొందరపడి తేదీల్లేని ఉత్తరం ఇవ్వకండి.

ఇక ఆ కాగితం. అప్రెంటిస్‌షిప్ అయితే ఫండింగ్ రూల్స్ ప్రకారం శిక్షణ ఖర్చు అప్రెంటిస్ దగ్గర తీసుకోకూడదు, మధ్యలో మానేసినా సరే. కాబట్టి బావగారికి ఎవరైనా అలాంటి బాండ్ ఇస్తే రూలు చూపించి కాదనచ్చు. అక్కగారి ఓస్కీ ఖర్చు అప్రెంటిస్‌షిప్ కాదు, దానికి తిరిగి కట్టే షరతు పెట్టచ్చు. అయితే "మొత్తం" అన్న మాట ఉంచనివ్వకండి. బయట కట్టిన ఫీజు రశీదులు జతచేసి మొత్తం అంకెల్లో రాయాలి. పని చేసిన ప్రతి నెలకీ కొంత తగ్గుతూ పోవాలి. వాళ్లే ఉద్యోగం తీసేసినా, స్పాన్సర్ లైసెన్సు పోయినా కట్టక్కర్లేదని ఉండాలి. లైసెన్సు పోతే హోం ఆఫీసు మామూలుగా 60 రోజులే గడువిస్తుంది, ఆ సమయంలో మెడ మీద బాకీ కూడా ఉండకూడదు. విదేశీ ఉద్యోగిని స్పాన్సర్ చేసినందుకు యజమాని ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ ఉద్యోగి నుంచి రాబట్టకూడదు, అది ఏ పేరుతో ఆ జాబితాలో కనిపించినా కొట్టించండి. ఇదంతా యూనియన్‌కి చూపించాకే సంతకం. గొడవ అయ్యాక చేరితే ఆ పాత గొడవకి లాయరు సాయం రాకపోవచ్చు, అందుకని అక్కగారిని కూడా ఇప్పుడే చేరమనండి.

లంకగట్టు:

చాలా సంతోషమండి, నాన్నగారికి చదివి వినిపించాను. తోట సంగతి ఆగింది. రెండు సందేహాలు. అక్కకి ఓఈటీ రైటింగ్‌లో సీ వచ్చింది, మిగతావన్నీ బీ. మేనేజరు ఉత్తరం ఇస్తే చాలంటున్నారు, నిజమేనా? అక్క వాళ్లది రెసిడెన్షియల్ హోమ్, నర్సులెవరూ ఉండరు. రెండోది, సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, అదీ బావగారి ఇంటిపేరు.

గౌతమిపాయ:

ఆ ఉత్తరాన్ని సైఫ్ అంటారు. ఒక్క విభాగంలో అరగ్రేడు తగ్గినవాళ్లు అక్కడ ఆరోగ్య, సంరక్షణ రంగంలో ఏడాది పని చేసి ఉంటే యజమాని ఆధారం ఇవ్వచ్చు. కానీ రాసే లైన్ మేనేజరు ఎన్‌ఎంసీ రిజిస్టరులో ఉన్నవారై ఉండాలి, పైన ఇంకో సీనియర్ రిజిస్టర్డ్ నర్సు సంతకం కూడా కావాలి. నర్సుల్లేని హోమ్ నుంచి అది కుదరదు. అదే హోమ్ పిన్ వచ్చాక నర్సుగా స్పాన్సర్ చేయడం కూడా కష్టమే, నర్సు పోస్టే ఉండదు కదా. మూడేళ్ల బాండ్ మీద సంతకం పెట్టకూడదనడానికి ఇదే పెద్ద కారణం. ఆమె అర్హతకి తగ్గ ఉద్యోగం ఇవ్వలేని చోట కట్టుబడిపోతారు. రైటింగ్ ఒక్కటే తక్కువ కాబట్టి 12 నెలల్లోపు ఓఈటీ ఇంకోసారి రాస్తే చాలు, పాత బీలు పనికొస్తాయి. ఈసారి నాలుగు విభాగాలూ రాయాల్సిందే, మిగతా మూడింట్లో సీ ప్లస్ తగ్గకుండా చూసుకోవాలి.

పేరు విషయం మీరు ఇక్కడే ఉండి చేయగలరు. దరఖాస్తు పాస్‌పోర్టు పేరుతోనే పెట్టాలి. మన కౌన్సిల్ రికార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉంటే, ఎన్‌ఎంసీ వెరిఫికేషన్ అడిగినప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు, ఫైలు అక్కడ ఆగిపోతుంది. వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీయించండి, అందులో అక్క పుట్టింటి పేరు పొడి అక్షరం కాకుండా పూర్తిగా ఉండేలా చూడండి. దాంతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు మార్పుకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కీ కలిపి పెట్టండి. ఆవిడ రిజిస్ట్రేషన్ విభజనకి ముందుదైతే పాత రికార్డు ఏ రాష్ట్రం కౌన్సిల్ దగ్గరుందో ముందు కనుక్కోండి. అది తేలాకే 140 పౌండ్ల దరఖాస్తు నొక్కమనండి.