కాలవ గట్టు మీద బండి ఒరిగిపోతోంది, ఏం చేయాలి?

అమలాపురం దగ్గర నుంచి:
మా ఇంటికి బండి దారి లేదండి. కాలవ గట్టు మీద పెట్టి, వంతెన దాటి నడిచి వెళ్తాను. మొన్న రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే సైడ్ స్టాండ్ ఒండ్రుమట్టిలో దిగబడి, స్ప్లెండర్ ఎడమకి పడిపోయి ఉంది. క్లచ్ లీవర్ విరిగింది, పెట్రోలు కారింది. ఇంకో రెండడుగులైతే కాలవలోనే! నాన్న కొనిచ్చిన బండి. వాన పడితే చాలు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రాజోలు నుంచి:
స్టాండ్ కింద పెంకు ముక్క వేయకండి, పగిలిపోతుంది. అరచేతి వెడల్పు చెక్క వేయండి. నేను దానికి తాడు కట్టుకున్నాను, బండెక్కాక పైకి లాక్కుంటాను. వానాకాలం సెంటర్ స్టాండే మేలు.

ముమ్మిడివరం నుంచి:
సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకే వాలుతుంది కాబట్టి కాలవ మీకు కుడివైపు ఉండేలా పెట్టండి. ఏటవాలైతే ముందు చక్రం ఎగువకి, ఫస్ట్ గేర్‌లో. హ్యాండిల్ లాక్ మరవకండి. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు, కాయ పడి మా తమ్ముడి ట్యాంకు సొట్టపోయింది.

అమలాపురం దగ్గర నుంచి:
చాలా థాంక్స్ అండి. ఇవాళే చెక్క వేశాను. బండి కూడా బాగా అంచుకి జరిపి పెట్టాను, కోతలప్పుడు ట్రాక్టర్ వెళ్లాలి కదా.