సమస్యాపూరణం: ఏడు నాటిన తొమ్మిదు లెదిగె నారు

మోడరేటర్: ఈ వారం పాదం ఇదే, దీన్ని చివరి పాదంగా పెట్టి తేటగీతి పూరించాలి. పొలం వైపు తీసుకెళ్ళినా సరే, లెక్కల వైపు తీసుకెళ్ళినా సరే, పాదాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

లెక్కల మాష్టారు:
ఒకటి నాలుగు రెండును నొప్ప నెనిమి
దియును నైదేడు గల సంఖ్య తెచ్చి దాని
పక్క గుణకమ్ముగా నొక్క పాదు తీసి
ఏడు నాటిన తొమ్మిదు లెదిగె నారు

నారు కాదండీ, ఎదిగెన్ + ఆరు. 142857ని 7తో గుణిస్తే 999999, లెక్కపెట్టుకోండి.

పెన్నేటి పిల్ల: అబ్బ, ఏం విరిచారు మాష్టారూ! నేను పొద్దున్నుంచి నారుమడిలోనే తిరుగుతున్నా.

గోదారి గట్టు: విరుపు బావుంది, కాదనను, కానీ ఆ సంఖ్య అసలు అందం ఏడుకి ముందే ఉంది, 2తో 285714, 3తో 428571, ఇలా 6తో 857142 దాకా అవే అంకెలు అదే వరసలో చుట్టు తిరుగుతాయి, మాష్టారు దాన్ని ముట్టుకోలేదు. నా పూరణ:

రెండు మూడులతో హెచ్చిన రింగు తిరిగి
అంకెలవె వచ్చు నారింటికైన వరుస
వింత సంఖ్య యిదేనోయి వినుము మిత్ర
ఏడు నాటిన తొమ్మిదు లెదిగె నారు

మోడరేటర్: భావం బావుంది, మొదటి పాదంలోనే గణం తప్పింది. అక్కడ ఇంద్రగణం (గురులఘువుల ఒక నిర్ణీత వరస) పడాలి, 'తో హెచ్చిన' ఏ ఇంద్రగణం? ఆ 'న' తీసేసి 'హెచ్చ' అంటే సరి. రెండో పాదంలో 'అ'కి 'కైన'లోని 'ఐ'తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) చెల్లుతుంది, దాని మీద గొడవ వద్దు.

లెక్కల మాష్టారు: నేను ముట్టుకోలేదన్నారు సరే, పోయిన నెల పదమూడు మీద సీసపద్యం రాసి, ఒకటిని పదమూడుతో భాగిస్తే వచ్చే 076923ని ఎంతతో హెచ్చేసినా అవే అంకెలు తిరుగుతాయన్నది ఎవరండీ? రెండుతో వేసి చూడండి, 153846 వస్తుంది. నడక బావుందని అందరూ మెచ్చుకున్నారు గానీ లెక్క ఒక్కరూ చూడలా.

పెన్నేటి పిల్ల: అది వేరే చుట్టు కదా. ఒకటిని ఏడుతో భాగిస్తూ పోతే 142857 మళ్ళీ మళ్ళీ వస్తుంది, శేషాలు 1, 3, 2, 6, 4, 5, ఆరూ తగిలాకే మళ్ళీ 1కి వస్తాం, అందుకే ఒకే చుట్టు. పదమూడుకి పన్నెండు శేషాలు ఆరేసి చొప్పున రెండు చుట్లుగా విడిపోతాయి. పదిహేడుకి మాత్రం పదహారూ ఒకే చుట్టు.

గోదారి గట్టు: పదమూడు సంగతి తర్వాత, ముందు మాష్టారి మూడో పాదం చూడండి, 'తీసి' తర్వాత 'ఏడు' వస్తే మధ్యలో 'య' చేరాలి కదా, ఆ యడాగమం ఏదీ?

మోడరేటర్: మీ 'తిరిగి అంకెలవె'లో ఉందా? పాదం చివర నాకంత పట్టింపు లేదు. ఈ వారం మొదటి మార్కు మాష్టారిదే, పద్యంలో 'ఆరు' అన్న మాట లెక్కలోనూ నిజమైంది, ఊరికే పదం విరవడం కాదది.

పెన్నేటి పిల్ల: ఇంకోటి మిగిలింది, ఎవరన్నా ఎత్తుకోండి. 142857 వర్గం 20408122449, దాన్ని 20408, 122449 అని విరిచి కూడితే మళ్ళీ 142857.

లెక్కల మాష్టారు: నేను ఎత్తుకుంటా, ఈసారి కందంలో.