సమస్య: "మనిషి మనిషి కానప్పుడె మనిషి యయ్యె"

ఈ వారం సమస్య, నల్లగొండ నుంచి

ఛందస్సు తేటగీతి. సమస్య నాలుగో పాదంగా రావాలి. యతి మైత్రి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ జత కుదరడం) మ–మ సమస్యలోనే ఉంది కాబట్టి పైమూడు పాదాల సంగతి చూసుకుంటే చాలు. విషయం కూడా నేనే ఇస్తున్నాను: టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో రెండు జాతులకు పుట్టినవాళ్లు, ఒక జాతి నుంచి ఇంకో జాతిలోకి మారినవాళ్లు.

ఇదే ఎందుకంటే, మా అమ్మది రాయచూరు, నాన్నది గద్వాల. అమ్మమ్మ ఇంటికి పోతే నన్ను తెలుగు పిల్ల అనేవాళ్లు, ఇటు వస్తే కన్నడ పిల్ల. 'స్టార్ ట్రెక్'లో స్పాక్‌ను (తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి భూమి మనిషి) మొదటిసారి చూసినప్పుడు అందరికీ ఆ మొనదేలిన చెవులు కనిపిస్తాయి. నాకు ఆ రెండు పేర్లు వినిపించాయి.

నాగర్‌కర్నూలు మాస్టారు

తల్లి మన భూమి బిడ్డయె, తండ్రి పరుడు,
నడుమ నలిగిన బాలుడు నవ్వ మఱచె,
అమ్మ పడినట్టి బాధల నరసినపుడు
మనిషి మనిషి కానప్పుడె మనిషి యయ్యె.

స్పాక్ గురించే. 2023లో వచ్చిన 'ఛారేడ్స్' ఎపిసోడ్ చూసి రాశాను.

నా మాట: మాస్టారూ, రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. వల్కన్లు భావాలను అణచుకునే జాతి. ఆ ఇంట్లో పెరిగే పిల్లవాడికి తల్లి నుంచి వచ్చిన నవ్వే తప్పయిపోతుంది. "నలిగిన", "నవ్వ మఱచె" అన్న మాటల్లో అదంతా వచ్చింది. "బాధల నరసి" దగ్గర (విడదీస్తే "అరసి") అ–అ స్వరయతి, అంటే అచ్చుల జత, కూడా సరిగ్గా కుదిరింది.

కానీ కథ పద్యానికి ఎదురు తిరుగుతోంది. 'ఛారేడ్స్'లో స్పాక్‌లోని వల్కన్ అంశ పోయి పూర్తి మనిషిగా మారిపోతాడు. అలా మారాకే తల్లి అమాండా ఆ లోకంలో ఎంత ఓర్చుకుందో అతనికి తెలిసివస్తుంది. అంటే మనిషి అయినప్పుడే మనిషయ్యాడు. సమస్య అడిగింది దానికి తలకిందులు. 1966 నాటి 'ది నేకెడ్ టైమ్' చూడండి. మనసు మీద పట్టు తప్పించే అంటురోగం ఓడలో పాకుతుంది. స్పాక్ ఎవరూ లేని గదిలోకి పోయి, అమ్మ మీద ప్రేమ ఉందని ఎన్నడూ చెప్పలేకపోయానని ఏడుస్తాడు. అక్కడ అతను ఇంకా వల్కనే.

నాగర్‌కర్నూలు మాస్టారు: ఒప్పుకుంటున్నానమ్మా. మూడో పాదం మారుస్తున్నాను:

అమ్మ కొరకు చాటుగ నొంటి నడలినపుడు

నా మాట: ఇప్పుడు సమస్య దానంతట అదే వచ్చి కూర్చుంది. కొత్తవాళ్ల కోసం: అడలడం అంటే ఇక్కడ భయపడటం కాదు, దుఃఖపడటం.

మిర్యాలగూడ నుంచి ఒక అన్న

కంబమును చీల్చి సగము సింగముగ వచ్చి
పసిడికశిపుని దునుమాడి బాలు గాచె;
కరుణ యున్నచో రూపేల? కథను వినుము,
మనిషి మనిషి కానప్పుడె మనిషి యయ్యె.

వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసే చోట మా నరసింహస్వామి ఉన్నాడు. సగం మనిషి, సగం మృగం అంటే నాకు ముందు ఆయనే.

నా మాట: అన్నా, యాదగిరిగుట్ట నుంచి మట్టపల్లి, సింగోటం దాకా మన దిక్కంతా ఆ స్వామిదే, అందుకే తోసిపుచ్చలేను. మొదటి పాదం నడక చాలా బాగుంది. అయితే "పసిడికశిపు" వైరి సమాసం, తెలుగు మాటకు సంస్కృతం అతికారు. "కథను వినుము" యతి కోసమే వచ్చింది, అర్థానికి ఏమీ చేర్చలేదు. అసలు చిక్కు వేరే: స్వామి దేవుడు. ఆయన మనిషయ్యాడని ఎందుకనాలో పద్యం చెప్పలేదు.

మహబూబ్‌నగర్ నుంచి ఒక నర్సక్క

రెండు రక్తాల పిల్లను రెండు చేయ
పిరికితన మొక్కటను నిల్చె, బిగువొకటను;
కూడి మఱల రెంటిని తాను గుండె నిడగ
మనిషి మనిషి కానప్పుడె మనిషి యయ్యె.

'స్టార్ ట్రెక్ వాయేజర్'లో బెలానా టోరెస్ గురించి రాసిన. తల్లి క్లింగాన్ (కొట్లాటకు పేరుబడ్డ వేరే గ్రహం జాతి), తండ్రి మనిషి. రోగం మంచమెక్కి లేచినోళ్లను మా వార్డుల "ఇగ మనిషైండు" అంటం. ఆ మాటే పట్టుకున్న.

నా మాట: అక్కా, సమస్య ఇచ్చేటప్పుడు ఆ నుడికారం నాకే తట్టలేదు! మొదటి రెండు "మనిషి"లు జాతి, చివరిది కోలుకున్న నిండు ప్రాణం. 1995 నాటి 'ఫేసెస్'లో జరిగేది అదే. ఒక శాస్త్రవేత్త ఆమెను మనిషిగా, క్లింగాన్‌గా రెండు దేహాలు చేస్తాడు. క్లింగాన్ బెలానా చనిపోతుంది. ఉత్త మనిషిగా మిగిలిన బెలానా ఆ రెండో రక్తం లేకుండా బతకలేదని డాక్టర్ తేల్చిచెబుతాడు.

మిర్యాలగూడ అన్న: "బిగువొకటను" బదులు "పొగరొకటను" అంటే క్లింగాన్‌కు ఇంకా నప్పదా?

నా మాట: గణం సరిపోతుంది గానీ యతి చెడుతుంది. పి–పొ హల్లులు కలిసినా అచ్చులు కలవవు. పి–బి చక్కగా ఉంది, ఉండనివ్వండి.

నాకు నచ్చనిది మూడో పాదం. "గుండె నిడగ" అనగానే అంతా సర్దుకున్నట్టయింది. బెలానా అలా అనదు. ఆ రెండో మనిషి ధైర్యాన్ని మెచ్చుకుంటూనే, బతుకంతా ఆమెతో కొట్లాట తప్పదంటుంది. 2001 నాటి 'లీనియేజ్'లో కడుపులో బిడ్డకు క్లింగాన్ పోలికలే రాకుండా చేయాలని చూసేదీ ఈ బెలానాయే. ఆ ఎపిసోడ్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పాపతో నేను కన్నడం ఎందుకు మాట్లాడటం లేదో అప్పుడు తెలిసింది.

మహబూబ్‌నగర్ నర్సక్క: అట్లయితే ఇది చూడు చెల్లె:

పోరు తప్పదనుచు రెంట పొత్తు కుదుర

నా మాట: పోరు, పొత్తు ఒకే పాదంలో, అదీ యతి స్థానంలోనే! ఈ వారం పద్యం ఇదే అక్కా.

దేవరకొండ నుంచి డిగ్రీ విద్యార్థి

గూడు గట్టుకొనుచు లోన కురులు మొలిచె

మేడం, ఒక్క పాదమే వచ్చింది. 'బాబిలాన్ 5'లో డిలెన్. రెండో పాదం దగ్గర రెండు రోజుల నుంచి ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

నా మాట: తమ్ముడూ, మంచి పాదం. డిలెన్ జాతి మిన్‌బారీలకు తల మీద ఎముకే తప్ప జుట్టు ఉండదు. 1994లో ఆమె గూడులోకి పోయి సగం మనిషిగా బయటికొచ్చాక సొంతవాళ్లే సభ నుంచి వెళ్లగొడతారు. నువ్వు ఆ సభ దగ్గరికి పోతున్నట్టున్నావు, అక్కడ మాటలు పెద్దవైపోతాయి. కొత్తగా వచ్చిన జుట్టును ఏం చేయాలో తెలియక డిలెన్ మనుషుల్లోని అధికారి ఇవనోవాను సాయం అడుగుతుంది చూడు, అక్కడి నుంచి ఎత్తుకో. రెండో పాదం "దువ్వ"తో మొదలుపెట్టి, నాలుగో గణానికి "తు"నో "దు"నో వెతుకు. ఆదివారం దాకా ఆగుతాను.