ఆటర్‌టెయిల్ కౌంటీ టోపో మ్యాపులో వాగుల్లేని సరస్సులు, నీళ్లు ఎక్కడివి?

మ్యాప్_పిచ్చి:
అందరికీ నమస్తే. సమ్మర్‌లో మిన్నెసోటా ఆటర్‌టెయిల్ కౌంటీ వైపు వెళ్దామని యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) పాత 1:24,000 స్కేలు టోపో షీట్లు దించుకుని చూస్తున్నా, కౌంటీలో వెయ్యికి పైనే సరస్సులంట, షీటంతా నీలం మచ్చలే. మన రాయలసీమ టోపోషీట్లో చెరువంటే ఒక పక్క కట్ట గీసి ఉంటుంది, పైనుంచి వాగొచ్చి కలుస్తుంది. ఇక్కడ చాలావాటికి కట్టా లేదు, వచ్చే వాగూ లేదు, పోయే వాగూ లేదు. మరి నీళ్లెక్కడివి? పక్కనే లోపలివైపు చిన్న చిన్న పళ్లున్న గుండ్రటి కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) కూడా ఉన్నాయి, అవేంటి?

జియో_స్టూడెంట్:
పళ్లున్న కాంటూరంటే గుంట అండి, పళ్లు పల్లం వైపుంటాయి. హిమానీనదం వెనక్కి తగ్గేటప్పుడు పెద్ద మంచుగడ్డలు మట్టి, గులకరాళ్ల కింద పూడిపోయాయి, అవి తర్వాత మెల్లగా కరిగితే పైనున్న మట్టి కుంగింది. వీటినే కెటిల్స్ అంటారు. భూగర్భజలం మట్టం కంటే కిందికి దిగిన గుంటల్లో నీళ్లు నిలిచాయి, మిగతావి ఎండు గుంటలో బురదనేలలో అయ్యాయి. కాబట్టి వచ్చేది వాన, కరిగిన మంచు, భూగర్భజలం, పోయేది ఆవిరై, ఇంకి. వరసగా కొన్నేళ్లు తడి ఎక్కువైతే పోయే దారి లేక మట్టం పెరిగి ఒడ్డున ఇళ్లదాకా వస్తుంది. మ్యాపులో సరస్సు మీద రాసిన ఎత్తు ఆ సర్వే నాటిది, దాన్నే ఇవాళ్టి మట్టం అనుకోకండి.

ట్విన్‌సిటీస్_బాబాయ్:
తమ్ముడూ, ఆటర్‌టెయిల్ లేక్, లీఫ్ లేక్స్ ఉన్న షీట్లు పక్కపక్కన పెట్టి చూడు, అసలు విశేషం అక్కడుంది. ఆటర్‌టెయిల్ నీళ్లు రెడ్ రివర్ పట్టుకుని ఉత్తరాన హడ్సన్ బేకి పోతాయి, లీఫ్ నీళ్లు క్రో వింగ్ నదిలో పడి మిసిసిపీ మీదుగా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి పోతాయి. మధ్యలో కొండా లేదు ఏమీ లేదు, కొద్దిపాటి మిట్ట, పాతకాలంలో పడవలు మోసుకుని అటూ ఇటూ దాటేవాళ్లు. కాంటూర్లు ఒత్తుగా చూడాలంటే లీఫ్ హిల్స్‌లో ఇన్‌స్పిరేషన్ పీక్, 1,750 అడుగులు, అదంతా హిమానీనదం తెచ్చి పోసిన మట్టే. పడమటికి పోతే రెడ్ రివర్ లోయ, అది హిమయుగం నాటి, ఇప్పుడు లేని అగస్సీ సరస్సు అడుగు, చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ కాంటూర్లు వెతుక్కోవాలి.

రోడ్లు కూడా గమనించు, మైలుకొకటి చొప్పున సెక్షన్ గీతల (సర్వేలో నేలని మైలు చదరాలుగా విడగొట్టిన హద్దులు) మీద నిటారుగా వచ్చి సరస్సు దగ్గరే వంకర తిరుగుతాయి. లోతుల కోసం మాత్రం టోపో షీటుని నమ్ముకోకు, మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ల లేక్‌ఫైండర్ వెబ్‌సైట్లో చాలా సరస్సులకి లోతు మ్యాపులు ఉచితంగా ఉంటాయి, పడవ దించే ముందు అవి చూసుకో.