పెళ్ళి కాని అమ్మాయికి గర్భసంచి క్యాన్సర్: ఆపరేషనా, ఆగడమా? చివరి మాట ఎవరిది?

గాజువాక శిరీష
మా పిన్ని కూతురికి 28 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. కాలేజీ రోజుల నుంచీ పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా). నెలసరి ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఆగదు. ఈసారి ముక్క పరీక్షలో (బయాప్సీ) గర్భసంచి లోపొర క్యాన్సర్, గ్రేడ్ 1, అంటే నెమ్మదిగా పెరిగే రకం అని తేలింది. కండరంలోకి దిగలేదని ఎంఆర్ఐలో ఉంది.

డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. గర్భసంచి తీసేస్తే ఈ దశలో దాదాపు నయమైపోయినట్టే. పిల్లలు కావాలనుకుంటే మాత్రం కొన్నాళ్ళు ప్రొజెస్టిరాన్ మాత్రలు, లోపల హార్మోన్ లూప్, మూడు నెలలకోసారి మళ్ళీ ముక్క పరీక్ష. తగ్గాక పిల్లల్ని కని, ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకోవడం.

డాక్టరుగారి మాట పూర్తి కాకుండానే బాబాయి "తీసేయండి" అన్నాడు. ఆ డాక్టరమ్మ మా చెల్లి వైపు తిరిగి "నువ్వేమంటావమ్మా" అంటే, "దానికేం తెలుసండీ" అని మళ్ళీ ఆయనే. చెల్లి బ్యాంకులో పనిచేస్తుంది. ఎవరికి ఎంత హోమ్ లోన్ ఇవ్వచ్చో రోజూ తేల్చే పిల్లకి ఏమీ తెలియదట.

రెండూ వైద్యంలో ఉన్న దారులే అయినప్పుడు మాట చెల్లిదే అంటాను నేను. ఇంట్లో ఇలా అంటున్నది నేనొక్కదాన్నే. మీరేమంటారు?

సీతమ్మధార మేష్టారు
అమ్మా శిరీషా, మీ బాబాయి మీద కోపం తగ్గించుకుని ఒక్క నిమిషం ఆలోచించు. కూతురికి క్యాన్సర్ అని విన్న తండ్రి నోట మొదట వచ్చే మాట అదే. నాకూ ఇద్దరు ఆడపిల్లలు, నేనైనా అదే అంటాను. ఒక్క ఆపరేషన్‌తో పోయేదాన్ని ఒంట్లో ఉంచుకుని, మూడేసి నెలలకోసారి ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని రిపోర్టు కోసం చూడడం ఎందుకు? ఇంకా పెళ్ళే కాలేదు. ఎప్పుడవుతుందో, ఎప్పుడు పుడతారో తెలియని పిల్లల కోసం, ఉన్న పిల్ల ప్రాణం పణంగా పెడతామా? పిల్లలు కావాలంటే దత్తత ఉంది, సరోగసీ ఉంది.

క్యాన్సర్ వార్డు నర్సుని
చికిత్స సంగతి మీ డాక్టరే చెప్పాలి. రోజూ చూసేదాన్ని కాబట్టి రెండు మాటలు.

మాత్రల దారి అందరికీ ఉండదు. గ్రేడ్ 1 అయి ఉండాలి, లోపొర దాటకూడదు, అండాశయాల్లో ఏమీ ఉండకూడదు. ఈ వయసులో వచ్చిందంటే వంశపారంపర్యమా అని కూడా చూడాలి, లించ్ సిండ్రోమ్ అని ఒకటుంది. మీ ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరో, గర్భసంచి క్యాన్సరో వచ్చిందా? తప్పకుండా చెప్పండి. బరువు ఎక్కువుంటే తగ్గడం కూడా మందుకి తోడవుతుంది.

ఇక లెక్కలు. 2012లో పలు అధ్యయనాలు కలిపి, ఇలా మందులు వాడిన నాలుగు వందల పైచిలుకు మందిని చూస్తే, సుమారు 76 శాతానికి వ్యాధి తగ్గింది. తగ్గినవాళ్ళలో 40 శాతానికి మళ్ళీ వచ్చింది. పిల్లలు పుట్టింది 28 శాతానికి. ఇది చూసి మేష్టారు "చూశారా" అంటారు, శిరీష గారు కూడా "చూశారా" అంటారు :)

ఇంకొకటి చాలామంది అడగరు. ఆపరేషన్ దారికే వెళ్ళినా, ఇంత తొలిదశలో, ఈ వయసులో అండాశయాలు ఉంచడం కుదురుతుందేమో అడగండి. మన వైపు "పెద్దాపరేషన్" అంటే అన్నీ తీసేయడమే అనుకుంటారు. అండాశయాలు కూడా పోతే 28 ఏళ్ళకే మెనోపాజ్. ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు... పిల్లలు వద్దనుకున్నా వీటి ముప్పు ఉంటుంది.

అనకాపల్లి వాసు
మా ఆవిడకి 31 ఏళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆపరేషన్ దశ దాటిపోయింది, కీమో, కరెంటు (రేడియేషన్) కలిపి పెట్టాలన్నారు. పెట్టారు. ఇవాళ బాగుంది, నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. కానీ కరెంటు పెడితే అండాశయాలు ఎండిపోతాయనీ, గర్భసంచి కూడా బిడ్డని మోసే స్థితిలో ఉండదనీ మాకు ముందు ఎవరూ చెప్పలేదు. నెలసరి ఆగిపోయాక అడిగితే "మీకు పాప ఉంది కదండీ" అన్నారు. ఆ ఒక్క మాటతో ఫైలు మూసేశారు. రెండో బిడ్డ కావాలని ఆవిడ ఎంత అనుకుందో ఆ టేబుల్ అవతల కూర్చున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది, అడగకపోతే?

కరెంటు పెట్టే ముందు అండాశయాల్ని చిన్న ఆపరేషన్‌తో పైకి జరిపి కుట్టే పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. మా కేసులో కుదిరేదో లేదో నాకు తెలియదు. ముందే మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే చాలు అనేదే నా బాధ. పెళ్ళి కాని పిల్లనేమో "ఇంకా పెళ్ళే కాలేదు" అంటారు, పిల్లలున్నావిడనేమో "ఉన్నారు కదా" అంటారు. మరి అడగాల్సింది ఎవరిని?

లా పాయింట్
మేష్టారూ, సరోగసీ ఉంది అని తేలిగ్గా అనేశారు. 2021 చట్టం చూడండి. పెళ్ళయిన జంటకి వీలుంది, గర్భసంచి లేకపోవడం అందుకు సరిపోయే కారణమే. ఒంటరి మహిళ అయితే 35 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న వితంతువో, విడాకులు తీసుకున్నావిడో అయి ఉండాలి. అంటే పెళ్ళి కాని అమ్మాయికి తలుపు మూసే ఉంది. పెళ్ళయ్యాక కూడా డబ్బిచ్చి మాట్లాడుకునే పద్ధతి లేదు, వైద్యం ఖర్చు, బీమా మాత్రమే. మోసే ఆవిడకి పెళ్ళయి, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25-35 మధ్య. మీకు తెలిసినవాళ్ళలో అలాంటి ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం.

దత్తత ఒంటరి మహిళకి కూడా వీలే. కానీ ఆరోగ్యం బాగుందని డాక్టరు సర్టిఫికెట్ కావాలి, క్యాన్సర్ చరిత్ర ఉంటే ప్రశ్నలు వస్తాయి. అండాలు దాచుకోవడానికి పెళ్ళి అక్కర్లేదు, చట్టం ప్రకారం పదేళ్ళ వరకు ఉంచవచ్చు.

కంచరపాలెం పిల్ల
నాకు 19 ఏళ్ళప్పుడు అండాశయంలో జెర్మ్ సెల్ ట్యూమర్, అంటే అండాలు తయారయ్యే కణాల్లో పుట్టే గడ్డ. కడుపు ఉబ్బితే గ్యాస్ అనుకున్నాం. ఒక వైపు అండాశయం తీసి, రెండోది, గర్భసంచి ఉంచి కీమో ఇచ్చారు. ఇప్పుడు నాకు బాబు. ఈ రకానికి కీమో బాగా పనిచేస్తుంది కాబట్టి అలా కుదిరింది, అన్ని క్యాన్సర్లకీ ఇదే లెక్క వేయకండి.

స్కాన్ గది బయట మా మేనత్త గొడవ గుర్తుంది నాకు. "పెళ్ళి కాని పిల్లకి లోపలి స్కాన్ ఏమిటి" అని. క్యాన్సర్ కన్నా ఆ స్కాన్‌కే ఎక్కువ భయపడింది. చివరికి పొట్ట మీద నుంచే చేశారు.

శిరీషక్కా, మీ చెల్లితో ఒక గంట ఒంటరిగా కూర్చో. పిన్ని, బాబాయి ఉండగా వద్దు. తనకి పిల్లలు కావాలో వద్దో నీకూ తెలియదు కదా? తనే "తీసేయించుకుంటా, ఈ రక్తస్రావంతో విసిగిపోయాను" అంటే ఏం చేస్తావు?

సీతమ్మధార మేష్టారు
చట్టం సంగతి నాకు తెలియదు, లాయరు గారికి ధన్యవాదాలు. అయినా నా మాట మారదు. ఆ లెక్కలోనే 28 మందికి పిల్లలు పుడితే మిగతా 72 మంది మాటేమిటి? తిరగబెట్టినవాళ్ళు రాత్రిళ్ళు ఎలా గడిపారో ఏ అధ్యయనం రాస్తుంది? ఆ పిల్లని అడగండి, కాదనను. కానీ అడిగాక బాధ్యత మొత్తం దాని నెత్తిన పెట్టి "నీ ఇష్టం" అని తప్పుకోకండి. అది కూడా న్యాయం కాదు.

గాజువాక శిరీష
మేష్టారి చివరి మాట ఒప్పుకుంటున్నాను. 28 శాతం తక్కువా ఎక్కువా అన్నది మాత్రం ఆ ఒళ్ళు మోసే మనిషే తేల్చుకోవాలి, అక్కడ నేను కదలను.

కంచరపాలెం చెల్లీ, నువ్వన్నట్టే కూర్చున్నాం. తనకి పిల్లలు కావాలట. కానీ ఎంతకైనా తెగించి కాదట. రెండు ముక్క పరీక్షల వరకు మందులు, అప్పటికి ఏమాత్రం తగ్గకపోయినా, ముదిరిందని తేలినా ఆపరేషన్ అని తనే గీత గీసుకుంది. అండాశయాల ప్రశ్న, లించ్ ప్రశ్న కాగితం మీద రాసుకుంది. మా అమ్మమ్మకి పేగు క్యాన్సర్ అని పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది.

బాబాయి ఇంకా సరే అనలేదు. గడువు ఉందని విన్నాక "కాదు" అనడం మానేశాడు. ఇప్పుడు గొడవ వేరే. మధురవాడ వాళ్ళ సంబంధం ఒకటి నడుస్తోంది. వాళ్ళకి ముందే చెప్పేయమంటోంది చెల్లి, ముహూర్తాలు పెట్టుకున్నాక చూద్దాం అంటోంది పిన్ని. నేను చెల్లి పక్షమే.